గుణగ విజయాదిత్యుడి 44 ఏళ్లకి ఒక పాఠం ఇవ్వండి

సాంఘికశాస్త్రం పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకి, వాటిని పరిష్కరించే సంపాదకులకి నమస్కారం.

నేను పగలు బడిలో సోషల్ చెబుతాను. సాయంత్రం గ్రూప్స్‌కి చదివేవాళ్లకి ఆంధ్రుల చరిత్ర చెబుతాను. రెండు చోట్లా ఒక రాజు దగ్గర నాకు పేచీ వస్తోంది. బడి పిల్లలకి ఆయన పేరే తెలియదు. గ్రూప్స్ వాళ్లకి తెలుసు, కానీ బిట్లుగా తెలుసు. పరచక్రరామ బిరుదు ఎవరిది? గుణగ విజయాదిత్యుడు. ఆయన సేనాని? పండరంగడు. అద్దంకి శాసనంలో ఛందస్సు? తరువోజ. ప్రశ్న పూర్తయ్యేలోపే టిక్కు పడిపోతుంది. "సరే, ఆ పండరంగడు ఎవరి మీదికి వెళ్లాడు? ఓడిపోయినవాళ్లెవరు?" అంటే మాత్రం క్లాసంతా ఫ్యాను వంక చూస్తుంది.

వాళ్లని ఏమీ అనలేం. మనం చెప్పే వేంగి (ఇప్పటి ఏలూరు దగ్గర పెదవేగి) చాళుక్యుల చరిత్ర కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలై, ఒక్క గెంతులో రాజరాజ నరేంద్రుడి దగ్గరా నన్నయ దగ్గరా దిగుతుంది. మధ్యలో దాదాపు 400 ఏళ్లు. ఆ 400 ఏళ్లలో ఒక్క మనిషి 44 ఏళ్లు గద్దె మీద ఉన్నాడు. క్రీ.శ. 848 ప్రాంతంలో పట్టం కట్టుకుని 892 దాకా ఏలాడు. ఆయన సైన్యం బస్తర్ మీదుగా ఇప్పటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల దాకా వెళ్లింది. తెలుగులో ఇప్పటిదాకా దొరికిన పద్య శాసనాల్లో మొదటిది ఆయన రోజుల్లోదే. అలాంటి పాలనకి పుస్తకంలో ఒక పాఠం అడుగుతున్నాను. ఆయన్ని మోసే పాఠం మాత్రం వద్దు. అది ఎందుకో కూడా రాస్తాను, కాస్త ఓపికగా చదవండి.

ముందు ఆయన చేతికొచ్చిన రాజ్యం ఎలాంటిదో చూడాలి. తాత రెండో విజయాదిత్యుడు, నరేంద్రమృగరాజు. పన్నెండేళ్ల పాటు రాత్రనక పగలనక కర్ణాటక వైపు గంగులతోనూ, రట్టులతోనూ (అంటే రాష్ట్రకూటులతోనూ) 108 యుద్ధాలు చేశాడని, ఆ లెక్కన 108 శివాలయాలు కట్టించాడని మనవల కాలం శాసనాలు చెబుతాయి. 108 అన్నది జపమాల లెక్కే గాని దండు లెక్క కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే ఆ లెక్క వెనక ఒక నిజం ఉంది. అటు మాన్యఖేటంలో, అంటే ఇప్పటి కర్ణాటకలోని మాల్ఖేడ్‌లో, రాష్ట్రకూటులు ఉన్నంతకాలం వేంగి రాజుకి కంటి నిండా నిద్ర లేదు. తండ్రి కలి విష్ణువర్ధనుడు ఏడాదిన్నరో, ఇంకాస్త ఎక్కువో ఏలి పోయాడు. ఆ వెంటనే మన విజయాదిత్యుడు వచ్చాడు.

వచ్చీ రాగానే ఏం చేశాడన్నది అద్దంకి రాయి చెబుతుంది. పుస్తకంలో ఈ రాయి బొమ్మ, దాని పక్కన పద్యం పూర్తిగా వెయ్యండి. పిల్లలు పైకి చదివితే సగం పైన అర్థమైపోతుంది. 1,170 ఏళ్లు దాటిన తెలుగు అంటే నమ్మరు. "పట్టంబు గట్టిన ప్రథమంబు నేణ్డు" అని ఎత్తుకుంటుంది. పట్టం కట్టిన మొదటి ఏడే అని. బలగర్వంతో సేన పైకి లేచింది. రాజు పండరంగణ్ని సామంతులతో పంపాడు. అతడు పన్నెండు బోయ కొట్టాలు, అంటే బోయల కోటలు, పట్టుకున్నాడు. వేంగి రాజుల త్రిభువనాంకుశ చిహ్నాన్ని అక్కడ నిలిపాడు. కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడు. చివరికి, "కందుకూర్ బెజవాడ గావించె". కందుకూరుని బెజవాడ అంతటి దాన్ని చేశాడని. నాలుగు పాదాల్లో ఒక యుద్ధం, ఒక విధ్వంసం, ఒక కొత్త ఊరు. ఇప్పటి పేపరువాడు కూడా ఇంత క్లుప్తంగా రాయలేడు.

ఛందస్సు పేరు బట్టీ పట్టిస్తున్నాం కదా, ఆ ఛందస్సు ఏమిటో చెబితే ఎంత బాగుంటుంది! రెండు ద్విపద పాదాలు కలిపితే ఒక తరువోజ పాదం. రోకటి పాటలకి వాడిన నడక అని పెద్దలు చెబుతారు. రాజుగారి రాగి రేకుల్లో వంశావళీ పొగడ్తలూ సంస్కృతంలో సాగుతున్న రోజుల్లో, సేనాని గెలుపుని గుండ్లకమ్మ దగ్గర రాతి మీద చెక్కించాలంటే తెలుగు నడక కావాల్సి వచ్చింది. ఆ ఊరివాళ్లకి తెలియాలి కాబట్టే అనుకుంటాను. ఇది నా ఊహ, పాఠంలో పెట్టమని అడగను. ఇదే రోజుల్లో అక్కడ మాన్యఖేటంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి ఆస్థానంలో కన్నడ కవిత్వానికి లక్షణ గ్రంథం, అంటే కవిత్వ నియమాలు చెప్పే పుస్తకం, తయారవుతోంది. కవిరాజమార్గం. తెలుగు, కన్నడం రెండూ దాదాపు ఒకే వేళ రాచకొలువు గడప తొక్కాయి. పైగా ఆ రెండు కొలువులూ బద్ధశత్రువులు.

ఇక బోయల సంగతి. నా అసలు బాధ ఇక్కడే ఉంది.

మన మొదటి పద్య శాసనం అని గర్వంగా చెప్పుకునే ఆ నాలుగు పాదాలూ ఓడినవాళ్ల కోటలు కూల్చిన కథ. ఆ ఓడినవాళ్లకి పేరు కూడా ఉంది, శాసనమే చెప్పింది, బోయలని. పన్నెండు కొట్టాలు వాళ్ల చేతిలో ఉన్నాయంటే చెట్ల చాటున దాక్కున్న గుంపు కాదు కదా. దుర్గం ఉంది, పొలిమేర ఉంది, పట్టం కట్టుకున్న మొదటి ఏడే దండు పంపక తప్పనంత బలం ఉంది. ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. 8వ శతాబ్దంలో పల్లవ నందివర్మ సేనాని ఉదయచంద్రుడు ఉత్తరాన పృథివీవ్యాఘ్రుడనే నిషాదపతిని, అంటే నిషాదుల నాయకుణ్ని, తరిమాడని ఉదయేందిరం రేకులు చెబుతున్నాయి. ఆ నిషాదపతి అప్పుడు ఏం చేస్తున్నాడు? అశ్వమేధం గుర్రం వెంట తిరుగుతున్నాడు! అతన్ని తరిమింది విష్ణురాజు విషయం నుంచి, అంటే వేంగి రాజు ఏలుబడిలో ఉండాల్సిన నేల నుంచి. ఈ నిషాదపతికీ తర్వాతి బోయ కొట్టాలకీ సంబంధం ఉందని చరిత్రకారులు కొందరు కలిపి చూస్తారు. ఆ ముడి బిగుతెంతో పక్కన పెట్టినా ఒకటి మాత్రం తేలిపోతుంది. వేంగికి దక్షిణాన, పల్లవులకి ఉత్తరాన ఉన్న ఆ నేల మీద మూడో శక్తి ఒకటి తరాల తరబడి నిలబడింది. దాన్ని కూలదోసి కందుకూరుని లేపారు.

మా క్లాసుల్లో బోయ ఇంటిపిల్లలు ఉంటారు. రాయలసీమ బడుల్లో చాలామంది ఉంటారు. అద్దంకి పద్యం చెప్పేటప్పుడు 'అడవి తెగల్ని అణచివేశాడు' అని ఒక్క ముక్కలో దాటేస్తే, వాళ్లు తమ గురించి ఏం అనుకోవాలి? వాళ్లని సంతోషపెట్టడానికి చరిత్ర తిరగరాయమని అనడం లేదు. శాసనంలో ఉన్న 'కొట్టముల్', 'దుర్గంబు' అన్న మాటలకి వాటి బరువు వాటికి ఇవ్వండి, చాలు. గైడ్లలో చూసే 'అణచివేశాడు' అన్న క్రియ మీ పుస్తకంలోకి రానివ్వకండి.

తర్వాతి భాగం రాజుగారి అభిమానులకి రుచించదు. ఈ పరచక్రరాముడు, అంటే శత్రు చక్రానికి రాముడు, రాష్ట్రకూటుల ముందు తల వంచిన కాలం ఒకటి ఉంది. వింగవల్లి దగ్గర అమోఘవర్షుడు యముడికి చాళుక్యుల్ని విందుగా పెట్టాడని రాష్ట్రకూటుల రేకులు చెప్పుకుంటాయి. 866 నాటి శిరూరు శాసనంలో అమోఘవర్షుణ్ని కొలిచిన రాజుల వరసలో అంగ, వంగ, మగధ, మాళవలతో పాటు వేంగి కూడా ఉంది. విజయాదిత్యుడి తర్వాతివాళ్లు వేయించిన రేకుల్లో ఈ ఓటమి ఊసే లేదు. కానీ తర్వాతి వేంగి రాజు మొదటి అమ్మరాజు కాలం నాటి ఈదర రేకుల్లో ఒక చిన్న మాట ఉండిపోయింది. రట్టరాజు ప్రేరణతో విజయాదిత్యుడు గంగుల్ని గెలిచాడట, యుద్ధంలో మంగి తల నరికాడట. ఈ మంగి నొళంబుల రాజు. ఆ ప్రేరణ స్నేహితుడి పురమాయింపా, పైవాడి ఆజ్ఞా, శత్రువు కవ్వింపా అన్నదాని మీద పండితులు ఇప్పటికీ తలో దారి పడతారు. నాకైతే రెండోది నమ్మబుద్ధి అవుతుంది. చక్రవర్తి కోసం సామంతుడు చేసిన యుద్ధాన్ని మనవలు తాతగారి సొంత ఖాతాలో వేసుకున్నారని నా అనుమానం.

అమోఘవర్షుడు 64 ఏళ్లు ఏలి పోయాడు. 878 తర్వాత గద్దె మీదికి కొడుకు రెండో కృష్ణుడు వచ్చాడు. వేంగి తల ఎత్తింది అప్పుడే. కృష్ణుడి అత్తింటివారు డాహళ దేశపు కలచురులు, అంటే జబల్‌పూర్ వైపు త్రిపురిని ఏలినవాళ్లు. కృష్ణుడు ఆ వైపుకి వెళ్తే, బావమరిది శంకరగణుడు, మన రేకుల్లో సంకిలుడు, తోడు నిలిచాడు. వేంగి సైన్యం వాళ్లిద్దరినీ తరుముతూ పోయింది. దారిలో చక్రకూటం కాల్చారు. అది బస్తర్‌లో ఉంది. కిరణపురం కాల్చారు. అది మధ్యప్రదేశ్‌లో బాలాఘాట్ జిల్లాలోని కిర్నాపూర్ అంటారు. అచలపురం కాల్చారు. అది మహారాష్ట్రలో అమరావతి జిల్లాలోని అచల్‌పూర్. ఏలూరు దగ్గర పెదవేగి నుంచి గోదావరి దాటి, అడవుల్లో నడిచి, విదర్భ దాకా. ఈ దారి ఒక మ్యాపులో వెయ్యండి. అక్బరు దండయాత్రలకి మ్యాపులు గియ్యగలిగాం కదా.

ఈ దండయాత్ర నిజంగా జరిగిందా, లేక 108 యుద్ధాల్లాంటి గొప్పా అని పిల్లలు అడిగితే చూపించడానికి అవతలి పక్షం రాయి ఉంది. మధ్యప్రదేశ్‌లోని బిల్హరి శాసనంలో కలచురులు తమ రాజు, కృష్ణుడి మామ కోకల్లుడి గురించి ఏం రాసుకున్నారంటే, దక్షిణాన కృష్ణరాజు, ఉత్తరాన ప్రతీహార రాజు భోజదేవుడు అనే రెండు కీర్తిస్తంభాలు నిలబెట్టాడట. మామగారు నిలబెట్టాల్సి వచ్చిందంటే కృష్ణరాజు ఎప్పుడో ఒకప్పుడు పడబోయాడన్నమాటే. పొగుడుకుంటూనే నిజం ఒప్పేసుకున్నారు.

ఊళ్లో గట్టు తగాదా వస్తే పెద్దమనుషులు ఇరువైపులా విని, ఎవరు ఏది దాస్తున్నారో చూసి తేలుస్తారు. ఈ రాజు పాలన ఆ విద్య నేర్పడానికి పుట్టిందా అన్నట్టు ఉంటుంది. వేంగి రేకులు గెలిచాం అంటాయి. మాన్యఖేటం రేకులు యముడికి విందు పెట్టాం అంటాయి. త్రిపురివాళ్లు మేమే నిలబెట్టాం అంటారు. అద్దంకి రాయి కోటలు కూల్చాం అంటుంది, కూలినవాళ్ల రాయి ఎక్కడా లేదు. పదమూడేళ్ల పిల్ల ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని, దేన్ని ఎంతవరకు నమ్మాలో ఆలోచించడం మొదలుపెడితే, ఇంకేం కావాలి? వాట్సాప్‌లో వచ్చే ప్రతి పోస్టర్నీ అదే చూపుతో చూస్తుంది. అందుకే ఆయన్ని మోసే పాఠం వద్దన్నాను. 'ఉత్తర భారతాన్ని గడగడలాడించిన తెలుగు చక్రవర్తి' అని ఒక పేజీ రాసి, గుర్రం మీద కత్తి పట్టిన బొమ్మ వేస్తే, చెప్పకపోవడమే నయం అనిపిస్తుంది. ఈ వంశం బాదామి నుంచి వచ్చిందని, వాళ్ల ముద్ర మీదున్న వరాహం బాదామి చాళుక్యులదేనని కూడా అదే పాఠంలో ఉండాలి. పండరంగడి కులం వెతికే పని ఆన్‌లైన్‌లో చాలామంది చూసుకుంటున్నారు, మనం దాని జోలికి పోనక్కర్లేదు.

ఆ ముద్ర సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రాగి రేకులన్నీ ఒక కడియానికి గుచ్చి, ఆ కడియం అతుకు మీద ముద్ర వేస్తారు. మధ్యలో 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు. పైన వరాహం, సూర్యచంద్రులు, అంకుశం. కింద విచ్చిన పద్మం. అద్దంకి రాతి మీద పండరంగడు నిలిపానన్నది ఈ పేరునే. దీని ఫొటో వేస్తే పిల్లలకి రాజముద్ర అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు మనం కాగితం మీద సంతకం చేసి స్టాంపు కొడతామే, అదే పని అప్పుడు రాగి చేసింది.

పాలన అంటే యుద్ధాలేనా అని మీలో ఎవరైనా అనొచ్చు. నిజమే. ఆయన పన్నులేంటి, చెరువులేంటి, జనం ఎలా బతికారు అన్నది శాసనాలు అంత తేలిగ్గా చెప్పవు. అయినా అద్దంకి శాసనంలోనే పద్యం అయ్యాక వచనం వస్తుంది. పండరంగడు ఆదిత్య భటారుడికి భూమి ఇచ్చాడు. ఆ భూమిని ఎకరాల్లో కొలవలేదు, పుట్ల లెక్కన వడ్లు పట్టే నేల అని చెప్పారు. పుట్టి, తూము, కుంచం మా తాతల దాకా బతికిన కొలతలే. యుద్ధం గెలిచిన సేనాని గుడికి మాన్యం ఇవ్వడం, ఆ మాన్యం గింజల్లో లెక్కపెట్టడం, దాన్ని కాపాడినవాళ్లకి పుణ్యమని రాయించడం, ఇది కూడా పాలనే. కొత్తగా గెలిచిన నేల మీద రాజ్యం ఎలా వేళ్లూనుతుందో దీన్నిబట్టి చెప్పొచ్చు.

ఫీల్డ్ ట్రిప్‌కి కూడా చోటుంది. సామర్లకోట, రాజమండ్రి మధ్య రైల్లో వెళ్తే బిక్కవోలు స్టేషన్ వస్తుంది. ఈ రాజు బిరుదాంకుడన్న పేరు మీద బిరుదాంకప్రోలుగా కట్టించిన ఊరని చెబుతారు. జనం ఇప్పుడు లక్ష్మీగణపతి చెవిలో కోరిక చెప్పుకోవడానికి వెళ్తారు. మా పిల్లలూ పరీక్షల ముందు టెన్షన్‌తో వెళ్లి చెప్పుకుంటారు, ఆయన వింటాడో లేదో గాని ఫస్ట్ క్లాసులు బాగానే వస్తున్నాయి. ఊళ్లో గోలింగేశ్వరుడి గుడి ఉంది. పొలాల వైపు వెళ్తే కంసలేశ్వర, నక్కలేశ్వర ఆలయాలు ఉన్నాయి. వేంగి చాళుక్యుల తొలినాటి గుడి కట్టుబడి ఎలా ఉండేదో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. చదరపు గర్భగుడి, మెట్లు మెట్లుగా పైకి సన్నబడే విమానం, గోడల గూళ్లలో విగ్రహాలు. పాఠం చివర 'మీ దగ్గర్లో చూడదగినవి' అని పెడతారు కదా, అక్కడ ఒక్క లైను చాలు.

ఆయన పోయాక ఏమైందో కూడా పాఠంలో ఉండాలి, లేకపోతే 44 ఏళ్ల గెలుపుల విలువ పిల్లలకి తేలదు. 892లో ఆయన కన్ను మూశాడో లేదో, కృష్ణుడి సైన్యం వేంగి మీద పడింది. గద్దె ఎక్కాల్సింది తమ్ముడి కొడుకు భీముడు, శత్రువులకి చిక్కాడు. నీళ్లలో మొసలిని పట్టినట్టు భీముణ్ని పట్టాడని వేములవాడ చాళుక్యులు తమ రాజు బద్దెగుణ్ని పొగుడుకున్నారు. వేములవాడ తెలంగాణలోదే కాబట్టి రెండు రాష్ట్రాల పుస్తకాల్లోనూ ఈ ముక్క అతుకుతుంది. భీముడు ఎలాగో బయటపడి మళ్లీ రాజయ్యాడు. తర్వాత నిరవద్యపురం, అంటే మన నిడదవోలు, పెరువంగూరుల దగ్గర రాష్ట్రకూటులతో మళ్లీ యుద్ధం. గెలిచారు, కానీ భీముడి కొడుకు ఇరిమర్తిగండడు చనిపోయాడు. అతని వయసు 16. అంటే మా ఇంటర్ ఫస్టియర్ పిల్లల వయసు. సామర్లకోట, ద్రాక్షారామం భీమేశ్వరాలయాలు ఈ భీముడి పేరు మీదే ఉన్నాయి. ప్రతి కార్తికంలో లక్షల మంది వెళ్తారు. ఆ గుళ్లు కట్టించినవాడు పెదనాన్న వదిలిపోయిన పగని జీవితమంతా మోసినవాడని ఎంతమందికి తెలుసు?

కాబట్టి నేను అడిగేది ఇది. ఏ తరగతిలో పెడతారో మీ ఇష్టం, ఎనిమిదైతే బాగుంటుందని నా ఉద్దేశం. నాలుగైదు పేజీలు చాలు. అద్దంకి పద్యం మొత్తం, దాని పక్కన ఇప్పటి తెలుగులో అర్థం. ఈదర రేకుల్లోని ఆ వాక్యాలు, శిరూరు శాసనంలోని వాక్యం, బిల్హరి వాక్యం. ఒక మ్యాపు, ఒక ముద్ర ఫొటో. బోయల గురించి, పృథివీవ్యాఘ్రుడి గురించి ఒక పేరా, చివర బాక్సులో కాకుండా పాఠం మధ్యలోనే. మీ పుస్తకాలు మారితే గైడ్లు మారతాయి, గైడ్లు మారితే పరీక్షలు మారతాయి. ఆ వరస మాకు బాగా తెలుసు.

పాఠం కింద ప్రశ్నలు రాసేటప్పుడు 'పరచక్రరామ బిరుదు ఎవరిది' అన్నది తీసేయండి. దాని బదులు ఇది అడగండి: "866 నాటి రాష్ట్రకూట శాసనం వేంగి రాజు మమ్మల్ని కొలిచాడంటుంది. వేంగి రేకులు ఆ మాట ఎత్తవు. రెండూ రాళ్లూ రాగీ మీద చెక్కినవే. మీరు ఎవరిని నమ్ముతారు? ఎందుకు?" అయిదు మార్కులు పెట్టండి. జవాబు ఇదీ అని టీచర్ల పుస్తకంలో ఇవ్వకండి, మేం దిద్దుకుంటాం.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్